బారెన్ దీవి డైరీ: కొండ కదిలిందా, కడలి కదిలిందా, కొలత కదిలిందా?

1వ వారం: హద్దులు

కొండ వేడిని శాటిలైట్ల నుంచి, సముద్ర మట్టాన్నీ వాననీ ఒక చిన్న స్టేషన్‌తో కొలిచి రాసుకునే మా పని డైరీ ఇది. మన దేశంలో ఇంకా సజీవంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పటి శ్రీ విజయపురం) ఈశాన్యంగా 140 కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రంలో ఒంటరిగా ఉంటుంది. అడ్డంగా 3 కిలోమీటర్లు, ఎత్తు 350 మీటర్ల పైచిలుకు. నీళ్ల కింద మరో రెండు వేల మీటర్లకు పైగా ఉంది కాబట్టి మనకు కనబడేది కొండ కొన మాత్రమే. చుట్టూ పాత కొండ కూలి మిగిలిన 2 కిలోమీటర్ల వెడల్పు గుంత, మధ్యలో కొత్త శంకువు. గుంత గోడ పడమటి వైపు తెగిపోయి ఉండటంతో లావా పారితే ఆ సందులోంచే సముద్రంలోకి దిగుతుంది. చూపు ఎక్కువగా నిలపాల్సింది అక్కడే.

రాతపూర్వకంగా తెలిసిన మొదటి విస్ఫోటం 1787 నాటిది. 19వ శతాబ్దం మొదటి సగం దాటాక దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి, 1991 మార్చి చివర్లో లేచింది. తర్వాత 1994-95లో, ఆపైన 2005 మే నుంచి విడతలు విడతలుగా రగులుతోంది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ బృందం నౌక మీద నుంచి చూసినప్పుడు పగలు బూడిద మబ్బులు, పొద్దుగూకాక ఎర్రటి లావా చిమ్మడం కనిపించాయి.

దీవి మీద మనుషులు ఉండరు. అది అభయారణ్యం, దిగనివ్వరు. కాబట్టి అక్కడ పరికరం పెట్టే మాటే లేదు. పని రెండు ముక్కలైంది. దీవిని శాటిలైట్ల నుంచి చూడటం హైదరాబాద్‌లో కూర్చునీ చేయొచ్చు, డేటా అంతా ఉచితమే. సముద్ర మట్టం, వాన, గాలి పీడనం కొలిచే చిన్న స్టేషన్ మాత్రం పోర్ట్ బ్లెయిర్ వైపు ఉండాలి. అక్కడ తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకారులకు ఏ జెట్టీ దగ్గర పోటు ఎంత ఎక్కుతుందో ఏ పట్టికా చూడకుండానే తెలుసు. స్టేషన్ చోటు ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది వాళ్లనే.

ఒక మాట ఇక్కడే రాసి పెట్టుకోవాలి: ఇది హెచ్చరిక వ్యవస్థ కాదు. సునామీ హెచ్చరికల బాధ్యత హైదరాబాద్ ప్రగతి నగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ది, 2007 అక్టోబరు నుంచి ఆ కేంద్రం పనిచేస్తోంది. విమానాలకు బూడిద హెచ్చరికలు ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం నుంచి వస్తాయి. మనది రికార్డు పుస్తకం, అంతే.

2వ వారం: రాత్రి వేడి చుక్కలు

ముందుగా నాసా మంటల సమాచార వెబ్‌సైటు ఫర్మ్స్ నుంచి, వీఐఐఆర్ఎస్ (వియర్స్ అని పలుకుతారు) అనే శాటిలైట్ పరికరం పట్టిన వేడి చుక్కల సీఎస్‌వీ (పట్టిక ఫైలు). ఇది నిజానికి అడవి మంటల కోసం చేసింది, కానీ లావా కూడా దానికి మంటలాగే కనబడుతుంది. సువోమీ ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21 శాటిలైట్లు మూడింటి మీదా ఇదే పరికరం ఉంది. పిక్సెల్ నేరుగా కింద 375 మీటర్లు, చూపు అంచున 800 మీటర్ల దాకా సాగుతుంది. అంటే మొత్తం దీవి ఈ చివర నుంచి ఆ చివరకు ఎనిమిది పిక్సెళ్లు. చుక్క ఏ వాలు మీద పడిందో చూసి కథలు అల్లకూడదు.

వడపోత ఇలా: కేంద్రం 12.278 ఉత్తరం, 93.858 తూర్పు. అక్కడి నుంచి 2.5 కిలోమీటర్ల లోపలి చుక్కలే ఉంచాలి. చతురస్రం గీస్తే మూలల్లో సముద్రం మీది తప్పుడు చుక్కలు చేరతాయి. పగటివి పూర్తిగా పక్కన పెట్టాం. మధ్యాహ్నం సముద్రం తళుక్కు ఈ సెన్సర్‌ని మోసం చేస్తుంది. "లో" నమ్మకం గుర్తుతో పగలు వచ్చే చుక్కల్లో చాలా వాటికి కారణం అదే.

మొదటి తప్పు తేదీల్లో దొరికింది. శాటిలైట్ స్థానిక సూర్య సమయం రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో వెళుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, దీవి 93.86 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు మన గడియారం కంటే 45 నిమిషాలు ముందు. కాబట్టి ఆ పాస్ మన టైములో 12:45 ప్రాంతం, యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే అయిదున్నర గంటలు వెనక) అంతకు ముందు రోజు 19:15. ఫైల్లో తేదీ యూటీసీది. వార్తల్లో, నౌకల రిపోర్టుల్లో ఉండేది మన తేదీ. రెండూ కలిపితే ప్రతి రాత్రీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది. అన్నీ యూటీసీలోనే ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే మార్చాలి.

రెండో తప్పు వేడి శక్తి (ఎఫ్ఆర్‌పీ) కూడికలో. మూడు శాటిలైట్లు దగ్గర దగ్గరగా పోతాయి. రోజు మొత్తం కూడితే ఒకే లావాను మూడుసార్లు లెక్కేసినట్టు. ఒక్కో పాస్‌కి విడిగా కూడి, రాత్రికి అందులో పెద్దదాన్ని ఉంచాం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. చుక్క లేని రాత్రి కొండ చల్లగా ఉందని అర్థం కాదు, మబ్బు పట్టి ఉండొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అండమాన్‌లో మబ్బు లేని రాత్రి దొరకడమే అరుదు. సీఎస్‌వీలో ఈ తేడా ఉండదు, అసలు మంట ముసుగు ఫైల్లోకి వెళ్లాలి. అందులో 4 అంటే మబ్బు, 5 అంటే నేల, 7 నుంచి 9 దాకా మంట. అందుకే పట్టికలో ప్రతి రాత్రికీ మూడు గళ్లు పెట్టాం: వేడి ఉంది, వేడి లేదు, కనబడలేదు. ఈ మూడో గడి లేకుండా గీసిన గ్రాఫు చూస్తే కొండ ఏటా వానాకాలంలో విశ్రాంతి తీసుకుంటున్నట్టు కనిపిస్తుంది. అది కొండ గురించి కాదు, రుతుపవనాల గురించి చెప్పే గ్రాఫు.

4వ వారం: సెంటినెల్-2, పిక్సెల్ పిక్సెల్‌గా

వేడి ఎక్కడుందో 20 మీటర్ల వివరంతో చూపేది యూరప్ శాటిలైట్ సెంటినెల్-2. స్థానిక సూర్య సమయం ఉదయం పదిన్నరకు, అంటే మన టైములో పావు తక్కువ పదికి వస్తుంది. చూడాల్సిన బ్యాండ్లు (కాంతి పట్టీలు) మూడు: 8ఏ (0.865 మైక్రాన్లు), 11 (1.61), 12 (2.19). ఎండలో మెరిసే రాయి కంటే కాలుతున్న రాయి 12వ బ్యాండులో ఎక్కువ వెలుగుతుంది. లావా వేడి బాగా ముదిరితే 11లోనూ, ఇంకా ముదిరితే 8ఏలోనూ కనబడుతుంది.

వాడిన పరీక్ష రేడియన్స్ (పిక్సెల్ నుంచి వచ్చే అసలు వెలుగు) మీద: 12వ బ్యాండు రేడియన్స్ 11వ దాన్ని దాటితే ఆ పిక్సెల్ వేడిది. లేదా 11వది 8ఏని దాటినా సరే. కానీ మనకు వచ్చే ఎల్1సీ (గాలి ప్రభావం సరిచేయని) ఫైళ్లలో ఉండేది రిఫ్లెక్టెన్స్ (పడిన ఎండలో తిరిగొచ్చిన వంతు). చాలామంది అక్కడే దాన్నే పోల్చేస్తారు, అది తప్పు. సూర్యుడి నుంచి వచ్చే కాంతి ఒక్కో బ్యాండులో ఒక్కోలా ఉంటుంది. సెంటినెల్-2ఏకి 8ఏలో 955, 11లో 246, 12లో 85 (చదరపు మీటరుకు, మైక్రానుకు వాట్లు). ఆ లెక్కన 12వ బ్యాండు రిఫ్లెక్టెన్స్ 11వ దానికి 2.88 రెట్లు దాటినప్పుడే రేడియన్స్ దాటినట్టు. రెండో పరీక్షకి ఆ గుణకం 3.89. ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే రేడియన్స్‌లోకి మార్చే శ్రమ తప్పుతుంది. సెంటినెల్-2బీకి విలువలు కొంచెం వేరు, దానికి విడిగా లెక్క కట్టుకోవాలి.

ఇక్కడ రెండు రోజులు తిన్న లోపం: 2022 జనవరి 25 నుంచి ఈ ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేసి 10,000తో భాగించాలి. తీయకపోతే చీకటి పిక్సెళ్లలో నిష్పత్తి 1 వైపు నలిగిపోయి, ఆ రోజు నుంచి కొండ ఒక్కసారిగా చల్లారినట్టు గ్రాఫు పడుతుంది. గ్రాఫులో నిట్టనిలువుగా మెట్టు కనబడితే ముందు అనుమానించాల్సింది ప్రకృతిని కాదు, ఫైలు వెర్షన్‌ని.

మబ్బు ముసుగుని గుడ్డిగా నమ్మితే ఇంకో నష్టం. బిలం మీది తెల్లటి ఆవిరిని అది మబ్బు అనుకుని చెరిపేస్తుంది. అంటే మనకు కావాల్సిన పిక్సెళ్లే పోతాయి. దీవి చుట్టూ సముద్రం మీద ముసుగు వాడి, శంకువు మీద మాత్రం కంటితో చూడటమే మేలు. నెలకి ఆరు చిత్రాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. దానికోసం మెషీన్ లెర్నింగ్ దాకా పోనక్కర్లేదు.

అన్నట్టు, గట్టి వాన పడ్డ మర్నాడు తెల్లటి ఆవిరి ఎక్కువగా లేస్తుంది. వాట్సాప్‌లో "బద్దలైంది" అని తిరిగే ఫొటోల్లో అలాంటివీ ఉంటాయి. బూడిద ఉంటే మబ్బు గోధుమ, నలుపు రంగుల్లో ఉంటుంది. వట్టి ఆవిరి కొండ దాటాక కరిగిపోతుంది.

5వ వారం: రాడార్

రాడార్ శాటిలైట్ సెంటినెల్-1కి మబ్బు అడ్డం కాదు, రాత్రీ అడ్డం కాదు. దీన్ని రెండు పనులకు వాడొచ్చు. ఒకటి సులువు, ఒకటి ఊరిస్తుంది.

సులువైనది తీరరేఖ. లావా సముద్రంలోకి దిగి కొత్త నేల చేస్తే పడమటి అంచు ముందుకు జరుగుతుంది. నిలకడ నీటి మీద రాడార్ నల్లగా, గరుకు లావా మీద తెల్లగా వస్తుంది. అలలు లేచిన రోజు ఆ తేడా చెదిరిపోతుంది కాబట్టి ఒక్క చిత్రంతో తేల్చకుండా నాలుగైదు పాస్‌ల సగటు తీయాలి. వీవీ (నిలువుగా పంపి నిలువుగా అందుకునేది) కంటే వీహెచ్ (నిలువుగా పంపి అడ్డంగా అందుకునేది) పోలరైజేషన్‌లో సముద్రం నలుపుగానే ఉంటుంది, అది వాడండి.

ఎత్తు పటం (డీఈఎం) పాతదైతే ఇక్కడ దెబ్బ తింటాం. 2000 ఫిబ్రవరి నాటి ఎస్ఆర్‌టీఎం పటంలో 2005 తర్వాత పేరుకున్న పదార్థమే లేదు. రాడార్ పక్క నుంచి చూస్తుంది. 39 డిగ్రీల కోణంలో ఎత్తు 20 మీటర్లు తప్పైతే చోటు 25 మీటర్లు పక్కకు జరుగుతుంది. శంకువు కొన "కదిలింది" అనుకున్నది కొన్నిసార్లు ఇదే. కోపర్నికస్ 30 మీటర్ల పటం 2011-15 నాటిది. దానికీ వయసైంది, అయినా నయం.

ఊరించేది ఇన్సార్: రెండు తేదీల రాడార్ ఫేజ్ తేడాతో నేల ఉబ్బిందో కుంగిందో చూడటం. రంగు ఒక చుట్టు తిరిగితే 2.8 సెంటీమీటర్లు. బారెన్ మీద ఇది దాదాపు పనిచేయలేదు, కారణాలూ తెలిసినవే. బయటి వాలుల మీది చెట్లు 12 రోజుల్లో సిగ్నల్‌ని చెరిపేస్తాయి. లోపలి బూడిద జారుతూ ఉంటుంది. మిగిలిన చిన్న లావా ముక్క పక్కన కదలని నేల ఎక్కడా లేదు, చుట్టూ సముద్రమే. పైగా అండమాన్ గాలిలోని తేమ ఒక్కటే ఒక చుట్టు రంగు తేగలదు. ఒక్క జత చిత్రాల్లో అందమైన ఇంద్రధనుస్సు వచ్చిందని సంబరపడకుండా, కనీసం ఇరవై జతలు పేర్చి ప్రతిదాంట్లోనూ ఉందో లేదో చూడాలి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ శాటిలైట్ నైసార్ మీద ఆశ ఉంది. దాని ఎల్-బ్యాండు తరంగం 24 సెంటీమీటర్లు, ఆకుల గుండా కిందికి పోతుంది. ఒక చుట్టు రంగుకి 12 సెంటీమీటర్లు కాబట్టి సున్నితత్వం తగ్గుతుంది. కానీ చెరిగిపోని మోటు కొలత, చెరిగిపోయిన నాజూకు కొలత కంటే మేలు.

7వ వారం: గంధక వాయువు, భూకంపమాపకం

రెండూ త్వరగా ముగిశాయి. సెంటినెల్-5పీ శాటిలైట్ మీది వాయువుల సెన్సర్ ట్రోపోమీ పిక్సెల్ 5.5 × 3.5 కిలోమీటర్లు, దీవి కంటే పెద్దది. సల్ఫర్ డయాక్సైడ్ విలువ చదరపు మీటరుకు మోల్‌లలో వస్తుంది. 2241తో గుణిస్తే డాబ్సన్ యూనిట్లు (గాలిలోని వాయువు మొత్తానికి కొలమానం). పొగ కింద ఉండి మబ్బు పైన ఉంటే ఏమీ రాదు. గాలి వాలున వరుసగా మూడు నాలుగు పిక్సెళ్లు లేస్తేనే రాసుకుంటున్నాం. ఒంటరి పిక్సెల్‌ని నమ్మం.

4.5 హెర్ట్జ్ జియోఫోన్ (నేల కదలికని పట్టే సెన్సర్) ఉన్న ఇంటి సిస్మోమీటర్ పోర్ట్ బ్లెయిర్‌లో పెడితే బారెన్ వణుకు వినబడుతుందా? వినబడదు. అగ్నిపర్వతపు సన్న వణుకు 140 కిలోమీటర్లు దాటే లోపే స్కూటర్ల చప్పుడు కంటే చిన్నదైపోతుంది. అదే అండమాన్ కింది పలకల భూకంపాలైతే బాగా పట్టుకుంటుంది. ముందు వచ్చే పీ, తర్వాత వచ్చే ఎస్ తరంగాల మధ్య సెకన్లను 8తో గుణిస్తే కిలోమీటర్లు. 17-18 సెకన్లు వస్తే బారెన్ అంత దూరం. దూరం సరిపోయిందని అది బారెనే అనుకోవద్దు. ఒక్క స్టేషన్ దూరం చెప్పగలదు గానీ దిక్కు చెప్పలేదు, ఆ దూరంలో గీసిన వృత్తం మీద ఎక్కడైనా కావచ్చు.

9వ వారం: సముద్ర మట్టం, మొదటి ప్రయత్నం, ఎందుకు పనికిరాలేదు

సముద్రం ఎంత ఎత్తున ఉందో కొలవడం వినడానికి చాలా సులువు: జెట్టీ అంచున కిందికి చూసే సెన్సర్, నీటికి దూరం, అయిపోయింది. మొదట అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి చూశాం. చవక, సన్నగా ఉంటుంది, ఉప్పుగాలికి పర్వాలేదు.

శబ్ద వేగం సెకనుకు 331.3 + 0.606 × ఉష్ణోగ్రత మీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ మారితే వేగం 0.17 శాతం మారుతుంది. 5 మీటర్ల దూరానికి అది 8.7 మిల్లీమీటర్లు. ఉదయానికీ మధ్యాహ్నానికీ సెన్సర్ డబ్బా 10 డిగ్రీలు వేడెక్కితే 8.7 సెంటీమీటర్ల దొంగ పోటు. ప్రపంచ సముద్ర మట్టం శాటిలైట్ కొలతల కాలంలో (1993 నుంచి) ఏటా సగటున సుమారు 3.4 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే ఒక్క మధ్యాహ్నపు ఎండ పాతికేళ్ల పెరుగుదలని మింగేస్తుంది. సెన్సర్‌లోనే థర్మామీటర్ ఉందిగా అంటారు. అది ఎండలో కాగిన డబ్బా వేడిని చెబుతుంది, కింద 5 మీటర్ల గాలి వేడిని కాదు. పీవీసీ పైపులో పెడితే అలల గోల తగ్గుతుంది గానీ పైపులో పైన వేడిగాలి, కింద చల్లగాలి పొరలు పడతాయి.

అందుకే రాడార్ సెన్సర్‌కి మారాం. ట్యాంకుల మట్టం కొలిచే రకం, 80 గిగాహెర్ట్జ్. గాలి వేడితో దానికి పని లేదు. కిరణం 8 డిగ్రీలైతే 5 మీటర్ల కింద 70 సెంటీమీటర్ల వెడల్పు వలయం పడుతుంది. స్తంభానికి కనీసం 60 సెంటీమీటర్లు ఎడంగా చేయి చాపి బిగించాలి. లేకపోతే స్తంభానికి పట్టిన నత్తగుల్లల నుంచి తిరుగు సిగ్నల్ వచ్చి, ఆటు సమయంలో మట్టం ఒకచోట అతుక్కుపోయినట్టు ఉంటుంది. కింద తాళ్లు, పడవలు ఆగే చోటైతే అసలు వద్దు. పడవ నిలిపిన ప్రతిసారీ సముద్రం ఒక మీటరు లేస్తుంది!

సెకనుకి ఒక రీడింగు, నిమిషానికి 60 రీడింగుల మధ్యస్థం. సగటు కాదు, మధ్యస్థమే. కాకి వాలినా, చినుకులు మెరిసినా మధ్యస్థం చలించదు. పది నిమిషాల సగటు పంపితే డేటా ఖర్చు తగ్గుతుంది కానీ ప్రమాదకర అలలన్నీ చదునైపోతాయి. 2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనక్ క్రాకటావ్ పక్కగోడ జారి సునామీ లేచింది. పెద్ద భూకంపం లేకపోవడంతో ముందస్తు హెచ్చరికే రాలేదు, 400 మందికి పైగా చనిపోయారు. బారెన్ అలాగే చేస్తుందని అనడం లేదు. దూరాల లెక్క మాత్రం చేసి చూశాం: 2,000 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు 140 మీటర్లు. స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్) 98 కిలోమీటర్లు, అంటే 12 నిమిషాలు. పోర్ట్ బ్లెయిర్‌కి 17. తీరం దగ్గర లోతు తగ్గి ఇంకొంత ఆలస్యమవుతుంది. పది నిమిషాలకోసారి రాసే పరికరానికి ఈ లెక్కలో చోటు లేదు.

పక్కనే బారోమీటర్ తప్పనిసరి. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం 1 సెంటీమీటరు లేస్తుంది. వాయుగుండం 20 తగ్గిస్తే, గాలి తోపుడు కాక, 20 సెంటీమీటర్లు. పీడనం తీసేయకుండా గీసిన మట్టంలో కనబడేది వాతావరణమే గానీ వాతావరణ మార్పు కాదు.

సెన్సర్ కన్నా విలువైనది మాత్రం కాంక్రీటులో దిగేసిన ఒక ఇత్తడి బోల్టు. సెన్సర్ ముఖం నుంచి ఆ బోల్టు తలకి ఎత్తు తేడాని స్టీలు టేపుతో, లెవెల్‌తో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోవాలి. సెన్సర్ ఏదో ఒక రోజు చస్తుంది. కొత్తది పెట్టాక బోల్టుకి కొలవకపోతే పాత లెక్క, కొత్త లెక్క రెండు వేర్వేరు సముద్రాలవే.

11వ వారం: వాన

టిప్పింగ్ బకెట్ గేజ్ (చిన్న బకెట్ నిండి వాలిన ప్రతిసారీ ఒక తిప్పు లెక్కేసేది), మూతి 200 మిల్లీమీటర్లు. వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు కాబట్టి 0.2 మి.మీ. వానకి 6.28 మిల్లీలీటర్లు. సరిచూసుకోవడానికి 628 మిల్లీలీటర్ల నీళ్లు గ్లూకోజ్ సీసా డ్రిప్ గొట్టంతో గంటసేపు సన్నగా వదిలితే 100 తిప్పులు రావాలి. 97 లోపు వస్తే బకెట్ కింది స్క్రూలు పైకి, 103 దాటితే కిందికి, రెండు వైపులా ఒకే మేర తిప్పాలి.

గంటకి 20 మి.మీ. దగ్గర సరిచేసిన గేజ్ గంటకి 100 మి.మీ. వానలో తక్కువ చెబుతుంది. ఆ వేగంలో 7.2 సెకన్లకో తిప్పు. బకెట్ వాలడానికి అర సెకను పడితే ఆ అర సెకనులో పడ్డ నీరు లెక్కలోకి రాదు, దాదాపు 7 శాతం. కుండపోతే పెరుగుతోందా అన్నది ప్రశ్న అయినప్పుడు, కుండపోతలోనే తక్కువ చెప్పే పరికరం జవాబుని తారుమారు చేస్తుంది. తిప్పుల మధ్య సమయాన్ని రాసుకుంటే తర్వాత సరిదిద్దొచ్చు. మొత్తం మాత్రమే రాసుకుంటే ఇక దారి లేదు.

తిప్పులు లెక్కపెట్టే రీడ్ స్విచ్ (అయస్కాంతంతో మూసుకునేది) ఒక తిప్పుకి రెండు మూడు సార్లు మూసుకుంటుంది. 10 కిలో-ఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 10 మిల్లీసెకన్ల ఊపు పోతుంది. మిగిలింది ప్రోగ్రాంలో: 150 మిల్లీసెకన్ల లోపు రెండోది వస్తే వదిలేయడం. రోజు లెక్క భారత వాతావరణ శాఖ లాగే ఉదయం 8:30 నుంచి 8:30 దాకా వేయాలి. అర్ధరాత్రి నుంచి వేసి, వాళ్ల 204.5 మి.మీ. "అత్యంత భారీ" హద్దుతో పోల్చితే ఒకే వాన రెండు రోజులకు చీలిపోతుంది.

ఇదంతా చేసినా మన గేజ్ ఒక్కటీ వాతావరణ మార్పుని చూపలేదు. దానికి ముప్పై ఏళ్ల లెక్క కావాలి (ఇప్పుడు వాడే సగటు 1991-2020ది). మన గేజ్ పని ఇతర డేటాని పరీక్షించడం. బారెన్ మీది వానకి ఉన్న దారి ఐమెర్గ్ శాటిలైట్ అంచనా, పిక్సెల్ 11 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ పిక్సెల్‌లో అది ఎంత తప్పుతోందో మన గేజ్ చెబితే, బారెన్ పిక్సెల్‌ని ఎంత నమ్మాలో తెలుస్తుంది.

13వ వారం: డబ్బా, కరెంటు, చీమలు

సగటు వాడకం 1.2 వాట్లు, రోజుకి 29 వాట్-అవర్లు. 12.8 వోల్టుల 20 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో వాడుకోదగ్గది సుమారు 205, అంటే ఎండ లేకుండా 7 రోజులు. 50 వాట్ల ప్యానెల్ ముసురులో రోజుకి గంటన్నర పూర్తి ఎండకి సమానం ఇస్తే, నష్టాలు పోను 52. సరిపోతుంది. 20 వాట్లదైతే 21, ముసురు నాలుగో వారంలో స్టేషన్ పడుకుంటుంది.

స్క్రూలన్నీ 316 స్టెయిన్‌లెస్. 304 రకం ఉప్పుగాలికి కొన్ని నెలల్లోనే టీ మరకలు పడుతుంది. అల్యూమినియం బ్రాకెట్‌ని స్టీలు బోల్టుతో నేరుగా బిగిస్తే బోల్టు బాగానే ఉంటుంది, బ్రాకెట్ పొడైపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి. డబ్బాని పూర్తిగా సీలు చేస్తే పగటి వేడికి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడ్డాక రబ్బరు సందుల్లోంచి తేమని లోపలికి పీలుస్తుంది. గాలి పోయి నీరు పోని వెంట్ ప్లగ్ ఒకటి కింది వైపు పెట్టాలి, బారోమీటర్‌కీ అదే దారి. ఆ వెంట్‌ని కందిరీగ మట్టితో మూసేస్తే పీడనం గ్రాఫు మెత్తగా, ఆలస్యంగా మారుతుంది. పక్క స్టేషన్‌తో పోల్చితేనే దొరికే లోపం అది. కేబుల్ రంధ్రాల చుట్టూ వేజలిన్ రాస్తే చీమలు కొన్నాళ్లు ఆగుతాయి.

నెట్ పోతే శాటిలైట్ మోడెమ్ పెడదామని అనుకోవద్దు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. మెమరీ కార్డులో రాసుకుని, నెట్ వచ్చాక పంపడమే.

15వ వారం: పగడాలు

అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా నడిపే కోరల్ రీఫ్ వాచ్ (పగడాల నిఘా) 5 కిలోమీటర్ల డేటా నుంచి వేడి వారాల లెక్క తీస్తున్నాం. అక్కడి అత్యంత వేడి నెల సగటు కంటే 1 డిగ్రీ లేదా అంతకు మించి ఉన్న వేడిని గత 12 వారాలకు కూడుతారు. 4 దాటితే పగడాలు తెల్లబడటం మొదలు, 8 దాటితే చావులు. అండమాన్‌లో 1998, 2010, 2016ల్లో తెల్లబడ్డాయి. బారెన్ పక్క పిక్సెల్‌ని ఎంచుకునేటప్పుడు లావా సముద్రంలో కలిసిన రోజుల్ని పక్కన పెట్టాలా అన్న చర్చ వచ్చింది. అక్కర్లేదు. లావా కాచే నీరు తీరం పక్కన కొద్ది మీటర్లు, పిక్సెల్ 5 కిలోమీటర్లు.

17వ వారం: నేలే దిగిపోతే

2004 డిసెంబరు 26న 9.1 తీవ్రత భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు 1 మీటరు కుంగింది. ఏటా 3.4 మి.మీ. లెక్కన అది దాదాపు 290 ఏళ్ల సముద్ర పెరుగుదల, నిమిషాల్లో. అదే రోజు ఉత్తర అండమాన్ పడమటి తీరాల్లో నేల పైకి లేచి పగడాలు గాలిలో ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా దిగింది. తర్వాత పోర్ట్ బ్లెయిర్ నేల మెల్లగా తిరిగి లేవడం మొదలుపెట్టింది. కాబట్టి 2004కి ముందూ వెనకా కలిపి ఒక సరళరేఖ గీసి "సముద్రం ఇంత పెరిగింది" అనే గ్రాఫు ఎక్కడ కనబడినా పక్కన పెట్టేయండి. మన రాడార్ సెన్సర్ చెప్పేది సముద్రానికీ జెట్టీకీ మధ్య తేడా మాత్రమే. జెట్టీ ఎటు పోతోందో దానికి తెలియదు.

అందుకు జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి శాటిలైట్లతో చోటు చెప్పే) రిసీవర్ కావాలి. రెండు ఫ్రీక్వెన్సీల జెడ్ఈడీ-ఎఫ్9పీ మాడ్యూల్ చాలు. యాంటెన్నాని టెర్రస్ స్లాబు మీద పెట్టొద్దు, ఎండకి స్లాబు రోజూ ఊపిరి పీలుస్తుంది. రాతి నేలలోకి దిగిన కాంక్రీటు దిమ్మె, దాని మీద స్టీలు కడ్డీ. ముడి డేటా రైనెక్స్ ఫైళ్లుగా దాచి, రెండు వారాలు ఆగి, కచ్చితమైన కక్ష్య ఫైళ్లు వచ్చాక పీపీపీ (ఒక్క రిసీవర్‌తోనే కచ్చితమైన చోటు తేల్చే) లెక్క వేయాలి. ఎత్తులో ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కదలిక తేలాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది.

ఇక్కడ ఒక చక్కని కిటుకు ఉంది. అదే యాంటెన్నా సముద్రం కనబడే చోట ఉంటే, నీటి మీద తట్టి వచ్చే సిగ్నల్ నేరుగా వచ్చేదానితో కలిసి సిగ్నల్ బలంలో అలలు పుట్టిస్తుంది. వాటి లెక్క నుంచి నీటికి ఎత్తు తెలుస్తుంది. జీపీఎస్ ఎల్1 తరంగం 19 సెంటీమీటర్లు, యాంటెన్నా నీటికి 5 మీటర్ల పైన ఉంటే శాటిలైట్ 5 నుంచి 25 డిగ్రీలకు ఎక్కేలోపు సుమారు 18 అలలు. నేల కదలిక, సముద్రం కదలిక రెండూ ఒకే బిందువు నుంచి, ఒకే కొలబద్దతో. ఖరీదైన సర్వే యాంటెన్నాలు కింది నుంచి వచ్చే సిగ్నల్‌ని అణిచేస్తాయి కాబట్టి ఈ పనికి చవక ప్యాచ్ యాంటెన్నాయే మేలు.

18వ వారం: మిగిలిన పని

జీఎన్ఎస్ఎస్ సిగ్నల్ బలాన్ని 30 సెకన్లకో రీడింగు తీస్తే ఒక అలకి అయిదే బిందువులు వస్తున్నాయి. 5 సెకన్లకు మార్చాం, ఫైలు ఆరు రెట్లైంది. దిక్కుల హద్దు కూడా గీయాలి. రేవు వైపు వచ్చే శాటిలైట్లన్నీ రేకుల షెడ్ల మీద తట్టి వస్తున్నాయి, వాటిని తీసేస్తే రోజుకి మిగిలేవి సగమే. ఒక శాటిలైట్ ఎక్కడానికి పట్టే ముప్పావు గంటలో నీరు కూడా కదులుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో 2 మీటర్ల పోటు ఉంటే నడుమ గంటకి అర మీటరు. ఆ సవరణ వేయకపోతే ఎక్కే శాటిలైట్లు ఒక మట్టం, దిగే శాటిలైట్లు ఇంకో మట్టం చెబుతాయి. వచ్చే పున్నమికి రాడార్ సెన్సర్‌నీ దీన్నీ పక్కపక్కన 48 గంటలు నడిపి, తేడాని ఇత్తడి బోల్టు దగ్గర కొలిచిన ఎత్తుతో సరిచూడాలి.